కాఫీ ఇచ్చిన డాబా

చెన్నై నుంచి ఫోను వచ్చేసరికి నేను రెండో తరగతి పిల్లలచేత గుణింతాలు చెప్పిస్తున్నాను. ఫోను చేసినావిడ కేంద్ర ప్రభుత్వం తరఫున గాలినీ నీళ్ళనీ పరీక్ష చేసే ఆఫీసులో సైంటిస్టు. ఏ క్రిస్మస్‌కో తప్ప ఫోను చెయ్యని మనిషి బడి వేళలో చేసిందంటే ఏదో అయ్యిందని అర్థమైంది. వరండాలోకి వచ్చి ఎత్తాను.

"టీచర్‌గారూ, మన ఇంజనీరుగారు పోయారు" అంది.

'మన' అంది. ఆ మాట దగ్గరే నాకు ముందు ఏడుపు వచ్చింది. ఒకప్పుడు ఈవిడే ఆయన్ని 'మీ స్టేట్ వాళ్ళు' అనేది, అదీ పళ్ళు బిగించి. ఆయన రాష్ట్రం వాళ్ళ కాలుష్యం ఆఫీసులో ఇంజనీరు. ఇద్దరి పనీ ఒకటే, జీతాలిచ్చే ప్రభుత్వాలే వేరు. ఆ రెండు ప్రభుత్వాల మధ్య మా పాలెం బడి నలిగిపోతున్న రోజుల్లో ఆయన మా గుమ్మం తొక్కారు.

మా పాలెంలో ఆయన పేరు ఎవరికీ తెలియదు. అందరూ 'కాలుష్యం ఇంజనీరుగారు' అనేవాళ్ళు. పాపం, ఆ మనిషిలో కాలుష్యమేమీ లేదు. పొడుగ్గా, కాస్త ముందుకి వంగి, చొక్కా జేబు నిండా పెన్నులతో ఉండేవారు. మెల్లగా మాట్లాడటం బొత్తిగా చేతకాదు. రహస్యం చెబుతున్నానని ముందుకి వంగి చెప్పినా పక్క గదిలో ఐదో తరగతి వాళ్ళకి కూడా వినిపించేది. ఉండేది నందిగామలో. ఉద్యోగమంతా బెజవాడ ఆఫీసుకి బస్సులో తిరుగుతూనే చేశారు. మా సంగతి తెలిశాక జగ్గయ్యపేట వైపు బస్సు కూడా అలవాటైంది.

జగ్గయ్యపేట చుట్టూ నేలలో సున్నపురాయి, నేల మీద సిమెంటు ఫ్యాక్టరీలు. మా ఊరి ఫ్యాక్టరీకి ఒక పక్క ఊరు, ఇంకో పక్క పాలెం. ఏడాదిలో ఎక్కువ నెలలు గాలి ఫ్యాక్టరీ మీదుగా మా వైపే వీస్తుంది. వెనకటి పెద్దలు పాలేన్ని ఎప్పుడూ గాలి చివరే కట్టించారు. అప్పటికి సిమెంటు ఫ్యాక్టరీ సంగతి వాళ్ళకి తెలియదు కాబట్టి, వేరే కారణాలతోనే కట్టించి ఉంటారు. మొత్తానికి ఊరి వాళ్ళు పెరట్లో తెల్లచీర ఆరేసుకునేవాళ్ళు. మేం మాత్రం ఎండాకాలంలో కూడా బట్టలు ఇంట్లోనే ఆరేసుకునేవాళ్ళం.

బడిలో కిటికీలు తీస్తే దుమ్ము, మూస్తే ఉక్క. పలకలు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తుడవాలి. పిల్లల దగ్గు వినీ వినీ, ఎవరు దగ్గితే వాళ్ళు మొహం చూడకుండానే నాకు తెలిసిపోయేది. కాస్త జరుగుబాటున్న వాళ్ళు పిల్లల్ని పేటలో ప్రైవేటు బడికి మార్చేశారు. పిల్లలు తగ్గేసరికి మా డిపార్ట్‌మెంటు వాళ్ళకి లెక్కలు గుర్తొచ్చాయి. ఇంకా తగ్గితే బడి ఎత్తేసి హైవే అవతలి బడిలో కలిపేస్తామన్నారు. ఆ హైవే మీద హైదరాబాదు పోయే బస్సులూ, సిమెంటు లారీలూ ఎంత వేగంగా పోతాయో పేట వైపు తిరిగిన వాళ్ళకి తెలుసు. పెద్దవాళ్ళమే ఆ రోడ్డు దాటాలంటే ప్రార్థన చేసుకుని దాటుతాం. నా ఒకటో తరగతి పిల్లలు పుస్తకాల సంచులతో రోజూ దాటాలట. 

అర్జీలు పెట్టాం. ముందు రాష్ట్రం వాళ్ళు వచ్చి గాలి పరీక్ష చేసి వెళ్ళారు. అంతా పరిమితిలోనే ఉందని రిపోర్టు ఇచ్చారు. మేం ఊరుకోకుండా ఢిల్లీకి రాశాం. ఈసారి కేంద్రం వాళ్ళు వచ్చి పరీక్ష చేసి, పరిమితి దాటిందని రిపోర్టు ఇచ్చారు. కలెక్టరుగారి దగ్గర విచారణ రోజు ఫ్యాక్టరీ తరఫు లాయరు రెండు రిపోర్టులూ రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. "ఏ ప్రభుత్వాన్ని నమ్మమంటారో చెప్పండి సార్, మేం దాన్నే నమ్ముతాం" అన్నాడు ఎంతో వినయంగా. విచారణ వాయిదా పడింది. తర్వాత రెండు ఆఫీసులూ ఫ్యాక్టరీని వదిలేసి ఒకదాని మీద ఒకటి ఉత్తరాలు రాసుకోవడం మొదలుపెట్టాయి. మీ మిషను పాతదంటే మీ మనుషులు కొత్తవాళ్ళని. మా పిల్లలు దగ్గుతూనే ఉన్నారు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆయన హైవే మలుపులో బస్సు దిగి, ఆటోలో ఒక్కరే వచ్చారు. చేతిలో సంచీ, జేబులో పెన్నులూ చూసి బడి ఎత్తేయడానికి వచ్చిన తనిఖీ ఆఫీసరనుకున్నాను. నాకు ముక్కు మీదే కోపం. రండి అని కూడా అనలేదు. పిల్లలు ఎందుకు తగ్గారో, ఎవరి వల్ల తగ్గారో, ఆ హైవే మీ సొంత పిల్లలచేత దాటిస్తారా అనీ గుక్క తిప్పుకోకుండా అడిగేశాను. ఆయన గుమ్మం బయటే నిలబడి అంతా విన్నారు. నేను ఆగాక అన్నారు.

"నేను ఆ డిపార్ట్‌మెంటు కాదండీ మేడమ్."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"మీరు సందివ్వలేదు కదండీ."

తనెవరో అప్పుడు చెప్పారు. ఇంకా కోపం వచ్చింది. అంతా బాగుందని రాసిన మహానుభావులు మీరేనా అన్నాను. నేనే సంతకం పెట్టానండీ అన్నారు, ఏ మాత్రం తడబడకుండా. ఆ తర్వాత ఆయన అడిగిన ప్రశ్నతో మా కథ మలుపు తిరిగింది.

"సెంట్రల్ వాళ్ళు మిషను ఎక్కడ పెట్టారు మేడమ్?"

"ఎక్కడేంటి? ఇదిగో, మా నెత్తిన" అని బడి శ్లాబు చూపించాను. పాలెంలో అప్పటికి మిషను బరువు మోసే శ్లాబు ఇదొక్కటే.

ఆయన పైకి చూశారు. ఫ్యాక్టరీ వైపు చూశారు. తర్వాత పిల్లలు కూర్చునే పొట్టి బెంచీ మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుండిపోయారు.

"మేం ఊళ్ళో పెట్టాం" అన్నారు. "మావాళ్ళు జీపు దిగగానే ఒక పెద్ద రైతుగారు ఎదురొచ్చారంట. డాబా ఉంది, కరెంటు ఉంది, కుర్చీలేశారు, కాఫీ ఇచ్చారు. గాలి ఎటు పోతుందో చూడలేదు మేడమ్. కాఫీ ఎటు నుంచి వస్తుందో చూశాం."

కాగితాల్లో ఊరికీ పాలేనికీ ఒకటే పేరు. రిపోర్టులో రాసేది ఆ ఒక్క పేరే. దాంతో ఊరి గాలి కొలిచినవాళ్ళూ పాలెం గాలి కొలిచినవాళ్ళూ ఒకే చోటు గురించి కొట్టుకుంటున్నామనుకున్నారు. మా వైపు పుట్టిన ఎవరికైనా ఊరంటే ఊరే, పాలెమంటే పాలెమే. ఆ మాట ఏ కాగితంలోనూ ఉండదు. అంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కరూ ఈ ప్రశ్న అడగలేదు. నిజం చెప్పాలంటే నాకూ తట్టలేదు. ఊళ్ళో జీపు ఆగి వెళ్ళిపోవడం మాకు కొత్త కాదు కాబట్టి, ఎక్కడ కొలిచారని అడగాలని కూడా అనిపించలేదు.

ఆ రోజు ఆయన వెళ్ళాక అనుకున్నాను, ఇంకేం, ఈయన తన సంతకం తానే ఎలా కాదంటాడు, ఇక ఇటు రాడని. పది రోజుల్లోపే మళ్ళీ వచ్చారు, ఆయన మొహం వెలిగిపోతోంది. చెన్నై ఆఫీసుకి ఉత్తరం రాశారట. మా రిపోర్టూ కరెక్టే, మీ రిపోర్టూ కరెక్టే, మేం ఊళ్ళో తీశాం, మీరు పాలెంలో తీశారు, ఈసారి ఇద్దరం కలిసి రెండు చోట్లా తీద్దాం అని.

"మీ పైఆఫీసరు ఏమీ అనలేదా?" అని అడిగాను.

"అనకేం! మన తప్పు మనమే రాసిస్తామా అని లేచారు. తప్పని నేనెక్కడ రాశా సార్, ఇద్దరిదీ రైటనేగా రాశా అన్నా. ఆ ఉత్తరం తిప్పితిప్పి చదివి సంతకం పెట్టారు."

అప్పుడే మొదటిసారి ఆ మాట వాడారు. "చూడండి మేడమ్, మేమూ సెంట్రల్ వాళ్ళూ వియ్యాలవాళ్ళం. ఒకళ్ళ మర్యాద ఒకళ్ళు తక్కువ చేశామా, పెళ్ళి అక్కడే ఆగిపోద్ది. అటువాళ్ళ తప్పు చూపిస్తే అటువాళ్ళు లేచిపోతారు, మా తప్పు చూపిస్తే మావాళ్ళు లేచిపోతారు. ఇద్దర్నీ పంక్తిలో కూర్చోబెట్టాలంటే ఇద్దరూ గొప్పవాళ్ళే అనాలి."

"మరి పెళ్ళికూతురెవరండీ ఇందులో?"

ఆయన తరగతిలోకి చూసి, "ఇంతమంది ఉంటే ఎవరని చెప్పనండీ" అన్నారు.

అది మొదలు ఆ సైంటిస్టు ఆయనకి 'వియ్యపురాలుగారు' అయిపోయింది. ఆవిడ వినకూడదనే మెల్లగా అనేవారు. ఆయన మెల్లగా అంటే ఎలా ఉంటుందో చెప్పానుగా.

రెండు జీపులూ కలిసి వచ్చిన రోజు మా పాలెంలో నిజంగానే పెళ్ళి సందడి. పిల్లలు రోడ్డు దాకా ఎదురెళ్ళారు. ఆవిడ తడ వైపు మనిషి, తెలుగు బాగానే వచ్చు, కోపం వస్తే మాత్రం తమిళం. ఎక్కడికి తనిఖీకి వెళ్ళినా మంచినీళ్ళు కూడా ముట్టకూడదని ఆవిడ నియమం. అది మా మీద అయిష్టమనుకుని మరియమ్మ మొహం మాడ్చుకుంది. మరియమ్మ మా బడిలో వంట చేస్తుంది, ఆమె మనవరాలు నా దగ్గరే చదువుతుంది, కొడుకు అదే ఫ్యాక్టరీలో బస్తాలెత్తుతాడు. ఆమె ఇంజనీరుగారికి కాఫీ గ్లాసు అందించబోయింది. ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టారు.

"కాఫీ పనయ్యాకే అమ్మా. కాఫీ వల్ల ఒకసారి చెడిపోయా."

ఆ మాట తర్వాత తర్వాత నేను చాలాసార్లు విన్నాను. కొత్త ఇంజనీరునెవరినైనా వెంటబెట్టుకుని వస్తే ఆ కుర్రాడికి పాఠం చెప్పినట్టు చెప్పేవారు. మరియమ్మ గ్లాసు వెనక్కి తీసుకుని, ఆమె కడుపులో ఉన్న అసలు మాట అడిగింది.

"అయ్యా, మీరంతా కలిసి ఫ్యాక్టరీ మూయిస్తే మా వోడేం జేయాలి? మేమేం దినాలి?"

పాలెంలో సగం మంది భయం అదే. నేను అర్జీ పెట్టినందుకు నాతో మాట్లాడటం మానేసిన ఇళ్ళున్నాయి. ఆయన ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. అలా చెయ్యలేదు. సైంటిస్టుగారిని పిలిచి, "మేడమ్, ఈమెకి మీరే చెప్పండి" అన్నారు. ఆవిడ మరియమ్మ ఎదురుగా నిలబడి, "ఫ్యాక్టరీ ఆపాలని రాలేదమ్మా. దుమ్ము ఆపాలి. దానికి మిషన్లున్నాయి, వీళ్ళు పెట్టాలి, పెట్టడం లేదు" అంది. "నేనూ అదే అంటున్నా" అన్నారు ఆయన వెంటనే. రెండు ప్రభుత్వాలూ ఒకే మాట అనడం మా పాలెం అప్పుడే విన్నది.

తర్వాత నిచ్చెన ఘట్టం. మా శ్లాబు మీదికి మెట్లు లేవు. చర్చికి సున్నం వేసేటప్పుడు వాడే వెదురు నిచ్చెన తెప్పించాం. సైంటిస్టు చకచకా ఎక్కేసింది. ఇంజనీరుగారు నిచ్చెన మొదట్లో ఆగిపోయారు. పొగగొట్టాలు ఎక్కి పరీక్షలు చేసే ఉద్యోగంలో జీవితమంతా గడిపిన మనిషికి ఎత్తంటే భయమట! కళ్ళు మూసుకుని, నిచ్చెన రెండు చేతులా పట్టుకుని, గట్టిగా పదమూడో ఎక్కం మొదలుపెట్టారు. "పదమూడు ఒకట్లు పదమూడు. పదమూడు రెళ్ళు ఇరవై ఆరు." ఎక్కం వింటే మా పిల్లలు ఊరుకుంటారా? కింద నిలబడి అందరూ గొంతు కలిపారు. ఆయన ఎక్కుతుంటే కింద బడి బడంతా ఎక్కం అప్పజెబుతోంది. పైన సైంటిస్టు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకోలేక కూర్చుండిపోయింది. అప్పటిదాకా ఆవిడ నవ్వుతుందని మాకెవరికీ తెలియదు.

పైకి వెళ్ళాక ఆయన జేబులోంచి ఒక పెన్ను తీశారు. దానికి తెల్ల దారం ముక్క కట్టి ఉంది. దాన్ని పైకెత్తి పట్టుకుంటే దారం ఫ్యాక్టరీకి ఎదురు దిక్కుగా సాగింది. "ముందు గాలిని అడగాలి" అన్నారు. మొదటి తప్పు తర్వాత అలవాటు చేసుకున్న పని అది. రెండు ఆఫీసుల మిషన్లూ పక్కపక్కనే పెట్టారు. మరో జత ఊళ్ళో ఆ రైతుగారి డాబా మీద. మిషను అంటే పెద్దదేం కాదు, గాలిని లోపలికి లాగి తెల్ల కాగితం మీద దుమ్ము పట్టే పెట్టె. ఆ కాగితాన్ని మిషన్లో పెట్టకముందూ, తీశాకా తూస్తే దుమ్మెంతో తెలుస్తుంది.

మిషన్లు తిరిగినన్ని రోజులూ ఇద్దరి మనుషులూ బడిలోనే మకాం. బాగానే గడిచింది. చివరి రోజు కాగితాలు తీసేటప్పుడు గొడవ వచ్చింది. ఎవరి ల్యాబులో తూచాలి? రాష్ట్రం ల్యాబులో తూస్తే మేం ఒప్పుకోం అన్నాడు చెన్నై నుంచి వచ్చిన ఒక చిన్న ఆఫీసరు. మీ ల్యాబైతే మేమూ ఒప్పుకోం అన్నాడు ఇటు చిన్న ఆఫీసరు. ఎవరివి వాళ్ళు తూచుకుంటే మళ్ళీ రెండు రిపోర్టులు, మళ్ళీ ఆ లాయరుకి రెండు చేతులా పని. సైంటిస్టుకి తమిళం వచ్చేసింది.  పై నెలలోనే బడి సంగతి తేల్చేస్తామని మా డిపార్ట్‌మెంటు వాళ్ళు అప్పటికే కబురు పెట్టారు. ఇక్కడ ఈ పని చెడిపోతే ఇంకో వాయిదా దాకా మా బడి ఉండదు. 

ఇంజనీరుగారు మరియమ్మని పిలిచి రెండు పళ్ళేలు అడిగారు. ఆమె బడి పళ్ళేలు కడిగి తెచ్చింది. తమ మిషన్లోంచి తీసిన కాగితాలన్నీ సీలు వేసిన కవర్లతో ఒక పళ్ళెంలో పెట్టారు. అది రెండు చేతులా పట్టుకుని సైంటిస్టు ముందుకెళ్ళి నిలబడ్డారు.

"మేడమ్, మావి మీరు తూయండి. మీవి మేం తూస్తాం."

మా వైపు పెళ్ళి ఖాయమైందంటే రెండు ఇళ్ళవాళ్ళూ తాంబూలాలు మార్చుకుంటారు. మా క్రైస్తవుల ఇళ్ళలో దాన్నే ప్రధానం అంటాం. పళ్ళేలు మారాక మాట వెనక్కి తీసుకునే పద్ధతి లేదు. తీసుకుంటే రెండు ఇళ్ళ పరువూ పోతుంది. ఆ పళ్ళెం ఎత్తిన తీరు చూడగానే పాలెం ఆడవాళ్ళంతా కిసుక్కున నవ్వారు. సైంటిస్టుకి ముందు అర్థం కాలేదు. జీపు డ్రైవరు ఆవిడ చెవిలో ఏదో చెప్పాడు. వియ్యపురాలి సంగతి కూడా అప్పుడే చెప్పేసి ఉంటాడు. ఆవిడ కళ్ళు పెద్దవి చేసి ఇంజనీరుగారి వైపు చూసింది. తర్వాత చున్నీ సరిచేసుకుని, తమ కవర్లు రెండో పళ్ళెంలో సర్ది, రెండు చేతులా అందించింది. ఇద్దరూ పుచ్చుకున్నారు. మరియమ్మ ఎక్కడినుంచో పట్టుకొచ్చిన అరటిపళ్ళు చెరొకటి పెట్టింది. ఆవిడ పండు తినేసింది. తనిఖీల్లో ఆవిడ ఏదైనా ముట్టడం అదే మొదలట.

ఆ పద్ధతిలో ఉన్న తెలివి నాకు తర్వాత బోధపడింది. మీ దుమ్ము నా చేతిలో, నా దుమ్ము మీ చేతిలో. మిషన్లు పక్కపక్కనే తిరిగాయి కాబట్టి రెండు లెక్కలూ కలవాలి, ఎవరైనా తక్కువో ఎక్కువో చెబితే రెండోవాళ్ళకి వెంటనే తెలిసిపోతుంది. అప్పుడిక ఒకళ్ళ మిషన్ని ఒకళ్ళు తిట్టుకోవడానికి వీలుండదు. లెక్కలు వచ్చాయి. ఊళ్ళో గాలి బాగుంది, పాలెంలో గాలి బాగాలేదు. రెండు ల్యాబులూ అదే చెప్పాయి. ఒకటే రిపోర్టు, రెండు సంతకాలు. ఈసారి విచారణలో లాయరు ఒక చేతిలో ఒకే కాగితం పట్టుకుని నిలబడ్డాడు. రెండో చేతితో ఏం చెయ్యాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు.

బడి విలీనం ఫైలు అప్పటికి ఆపమని కలెక్టరుగారు మావాళ్ళకి చెప్పారు. ఫ్యాక్టరీకి మాత్రం ఆర్డర్లు వరసగా వెళ్ళాయి. బెల్టు మీద రాయి పోయే దారంతా పైకప్పు వెయ్యాలి, గొట్టానికి దుమ్ము పట్టే సంచుల ఫిల్టర్లు పెట్టాలి, లారీలకి టార్పాలిన్ పట్టా కప్పాలి, రోడ్డు తడపాలి. ఇవన్నీ ఒక్క రోజులో అయిపోలేదు. ఫ్యాక్టరీ వాళ్ళు గడువు అడిగినప్పుడల్లా ఈయన ఒకటే చెప్పేవారు, చెన్నై వాళ్ళు ఒప్పుకోరండీ అని. అక్కడికి వెళ్తే ఆవిడ, రాష్ట్రం వాళ్ళు ఒప్పుకోవాలిగా అనేది. ఇద్దరూ ముందే ఫోన్లో మాట్లాడుకుని ఉండేవారని నాకు తెలుసు.

"అసలు మీ ఇద్దరిలో ఎవరు పెద్ద?" అని ఒకసారి అడిగాను.

"ఫ్యాక్టరీ నడవడానికి పర్మిషనిచ్చేది మేం. అంటే తాళంచెవి మా దగ్గరుంది. మేం తాళం వెయ్యకపోతే, ఎందుకు వెయ్యలేదని మమ్మల్ని అడిగే కర్ర వాళ్ళ దగ్గరుంది. తాళంచెవి ఉన్నవాడికి ఒక్కోసారి మొహమాటాలుంటాయి మేడమ్. వెనకాల కర్ర పట్టుకుని ఒకళ్ళుంటే మొహమాటం తగ్గుద్ది" అన్నారు. ఇంత దాపరికం లేకుండా తన ఆఫీసు గురించి చెప్పిన గవర్నమెంటు మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు.

ఎవరైనా 'అది మా పరిధి కాదు, సెంట్రల్ వాళ్ళది' అంటే మాత్రం ఆయనకి ఒళ్ళు మండేది. "ఆ సంగతి దుమ్ముకి తెలుసా?" అని అరిచేవారు. ఫోన్లో ఎవరినో అలా అడుగుతుంటే మా పిల్లలు విన్నారు. తర్వాత కొన్నాళ్ళు బడిలో ఎవరికి ఏ పని చెప్పినా, ఊడవడం నా వంతు కాదు టీచర్ అని ఒకడంటే, ఆ సంగతి దుమ్ముకి తెలుసా అని ఇంకొకడు.

దుమ్ము పూర్తిగా పోయిందని చెప్పను. ఫ్యాక్టరీ పక్కన ఉన్నాక కాస్తో కూస్తో పడుతుంది. పలకలు తుడిచే పని తగ్గింది, దగ్గులు తగ్గాయి, పేటకి మారిన పిల్లల్లో కొందరు తిరిగి వచ్చారు. బడి ఎత్తేసే మాట ఇప్పుడు ఎవరూ ఎత్తడం లేదు. రెండు ఆఫీసుల వాళ్ళూ ఇప్పటికీ ఏడాదికోసారి కలిసే వస్తారు. ఫ్యాక్టరీ గొట్టం దగ్గర పెట్టిన మీటరు లెక్క ఒకేసారి రెండు ఆఫీసులకీ పోతుంది. ఆయన లేకపోయినా ఆ ఏర్పాటు నడుస్తోంది.

రిటైరయ్యాక ఆయన వేదాద్రి నరసింహస్వామి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా మా బడి మీదుగా చుట్టు తిరిగి వచ్చేవారు. ప్రసాదం పులిహోర తెచ్చేవారు. మేం క్రైస్తవులం కదండీ అని నేను ఆటపట్టిస్తే, "నిమ్మకాయా చింతపండా అన్నదే పులిహోరలో గొడవ మేడమ్, మిగతావన్నీ మనం పెట్టినవి" అని పిల్లలకి తనే వడ్డించేవారు. పోయిన ఏడాది నుంచి రావడం తగ్గింది. ఒంట్లో బాగాలేదని విన్నాను. వెళ్ళి చూడాలనుకుంటూనే ఉన్నాను.

ఫోను వచ్చిన మర్నాడు సెలవు పెట్టి నందిగామ వెళ్ళాను. ఇంటి ముందు షామియానా కింద రెండు ఆఫీసుల వాళ్ళూ కలిసి కూర్చున్నారు. చెన్నై నుంచి ఆవిడ పొద్దున్నే వచ్చేసింది. నన్ను లోపలికి తీసుకెళ్ళి ఆయన భార్యకి చూపించింది. నేను ఆమెని అంతకుముందు చూడలేదు. సన్నటి మనిషి. గోడకి ఆనుకుని కూర్చుంది, ఏడవడం లేదు.

"ఈవిడ ఆ పాలెం బడి టీచర్‌గారండీ" అనగానే ఆమె తలెత్తి నా మొహంలోకి చూసింది. రెండు చేతులూ పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"మీ బడి వాళ్ళ కోసమే చూస్తున్నానమ్మా ఎవరైనా వస్తారేమోనని" అంది. "హైదరాబాదు ఆసుపత్రికి తీసుకెళ్ళేటప్పుడు మీ మలుపు దగ్గరికి రాగానే బండి ఆపమన్నారు. అద్దం దించమన్నారు. ఆయనకి ముక్కుకి ఆక్సిజను పెట్టున్నారు, పీల్చడానికి లేదు. నన్ను పీల్చి చెప్పమన్నారు, గాలి ఎట్టా ఉందో."

నేను ఆమెకి ఇంకాస్త దగ్గరగా జరిగాను.

"బానే ఉందండీ అన్నా. అప్పుడు అద్దం వెయ్యనిచ్చారు. నేనేమో ఏడుస్తా ఉన్నా, ముక్కు దిబ్బడేసింది, ఏ వాసనా తెలీలేదమ్మా. జీవితంలో ఆయన్తో నేనొక్క అబద్ధం ఆడలేదు. చివర్లో ఆడానేమోనని అదే మనసులో పడి కొట్టుకుంటాంది. నువ్వు చెప్పు తల్లీ. నిజంగా బానే ఉందా అక్కడ?"

గదిలో అందరూ నా వైపు చూశారు. ఆమె నా చేతులు వదల్లేదు. ఊరడించడానికి ఒక మాట, నిజానికి ఒక మాట వెతుక్కోవాల్సిన అవసరం నాకు రాలేదు. అందుకు ఆయనకి ఎప్పటికీ రుణపడి ఉంటాను.

"బానే ఉందమ్మా. మా పిల్లలు ఇప్పుడు మధ్యాహ్నం అన్నం ఆరుబయటే కూర్చుని తింటున్నారు. పళ్ళేల మీద మూతలు కూడా పెట్టడం లేదు."

ఆమె ఆ మాట రెండోసారి చెప్పించుకుంది. తర్వాత పక్కనున్న సైంటిస్టు వైపు తిరిగి, "నేను ఆయనకి నిజమే చెప్పానంట" అంది. అప్పటిదాకా ఏడవని మనిషి, అప్పుడు ఏడ్చింది.